టీవీ వద్దని ఓటేసిన ఊరు: ఇగ్లూలిక్, ఇనూయిట్ టెలివిజన్ చరిత్రపై తరచుగా అడిగే ప్రశ్నలు

కెనడా ఉత్తరాన మంచు ప్రాంతంలో ఉండే ఇనూయిట్ ప్రజలు సొంత టీవీ కోసం ఎంత పట్టుబట్టారో చెబితే, వినేవాళ్లలో చాలామంది మొదట నమ్మరు. ఆ తర్వాత వరసగా ప్రశ్నలు వేస్తారు. ఆ ప్రశ్నలనూ, వాటికి నాకు తెలిసిన జవాబులనూ ఇక్కడ ఒకచోట పెట్టాను. మీడియా చదివే పిల్లలకూ, చిన్న భాషల గురించి బెంగపడేవాళ్లకూ ఈ కథ తప్పక తెలియాలని నా కోరిక.

ఇగ్లూలిక్ ఎక్కడుంది?

కెనడాలోని నునావుట్ ప్రాంతంలో, ఫాక్స్ బేసిన్ అనే సముద్ర భాగంలో ఒక చిన్న దీవి మీద ఉంది. ఆర్కిటిక్ వలయానికి బాగా పైన, 69 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటాక వస్తుంది. నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా అక్కడ సూర్యుడు ఉదయించడు. ఇప్పటి జనాభా దాదాపు 2,000.

నునావుట్ ఎంత పెద్దదంటే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా దానికి ఏడింట ఒక వంతు కూడా ఉండవు. అంత నేల మీద ఉన్నవి 25 ఊళ్లు, 2021 జనగణన ప్రకారం జనం 37 వేల లోపే. ఏ ఊరి నుంచీ మరో ఊరికి రోడ్డు లేదు. విమానంలో పోవాలి, లేదంటే మంచు మీద స్నోమొబైల్ వేసుకుని పోవాలి. బరువైన సరుకు ఎండాకాలంలో సముద్రపు మంచు కరిగాక ఓడలో వస్తుంది. ఈ దూరాలు గుర్తుంచుకుంటే మిగతా కథ సులభంగా అర్థమవుతుంది.

కెనడా ఉత్తరానికి టీవీ ఎప్పుడు, ఎలా వెళ్లింది?

మొదట టేపుల రూపంలో వెళ్లింది. 1967 నుంచి కెనడా ప్రభుత్వ రంగ ప్రసార సంస్థ సీబీసీ, దక్షిణాది కార్యక్రమాలను టేపుల మీదికి ఎక్కించి విమానాల్లో ఉత్తరాది ఊళ్లకు పంపేది. రోజుకు నాలుగు గంటలు. ఒక ఊళ్లో వేశాక అదే టేపు ఇంకో ఊరికి వెళ్లేది. కాబట్టి చూసేదంతా పాతదే.

1972 నవంబరులో కెనడా అనిక్ ఎ1 ఉపగ్రహాన్ని పంపింది. ఒక దేశం తన లోపలి సమాచార అవసరాల కోసమే భూస్థిర కక్ష్యలో (భూమితో పాటే తిరుగుతూ ఆకాశంలో ఒకే చోట ఉన్నట్టు కనిపించే దారిలో) ఉపగ్రహం పెట్టుకోవడం ప్రపంచంలో అదే మొదటిసారి. మరుసటి ఏడాదికల్లా ఇప్పటి ఇకాలుయిట్‌లో (అప్పటి పేరు ఫ్రోబిషర్ బే) సీబీసీ టీవీ నేరుగా కనిపించడం మొదలైంది. 1974లో ప్రభుత్వం ఇంకో అడుగు వేసింది: 500 మంది దాటిన ప్రతి ఊరికీ సీబీసీ ప్రసారాలు అందాలంది.

ఉద్దేశం మంచిదే. కానీ వచ్చిన టీవీ దాదాపు మొత్తం ఇంగ్లీషు, కొంత ఫ్రెంచి. అందులో టొరంటో ఉంది, న్యూయార్క్ ఉంది, ఐస్ హాకీ ఉంది. చూసేవాళ్ల భాష ఇనుక్టిటుట్ మాత్రం లేదనే చెప్పాలి.

టీవీ వద్దని ఊరంతా ఓటేసిందన్నది నిజమేనా?

నిజమే. ఒకసారి కాదు, రెండుసార్లు: 1975లో, మళ్లీ 1979లో. ఇస్తామంటే ఇగ్లూలిక్ జనం వద్దన్నారు.

ఎందుకన్నారో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. అంతకు పదిపదిహేనేళ్ల ముందు దాకా ఈ కుటుంబాల్లో చాలావరకు ఊళ్లలో ఉండేవి కావు. వేట ఎక్కడ దొరికితే అక్కడ చిన్న చిన్న మకాములు వేసుకుని బతికేవి. 1950లు, 60లలో బడి కోసం, ఆసుపత్రి కోసం, ప్రభుత్వ ఒత్తిడి వల్ల వచ్చి ఇళ్లలో స్థిరపడ్డాయి. పిల్లలకు బడిలో ఇంగ్లీషే నేర్పారు. తాతలకు ఇంగ్లీషు రాదు. మనవళ్లకు ఇనుక్టిటుట్ పలచబడుతోంది. సరిగ్గా ఆ సమయంలో ఇంటి నడిమధ్య కూర్చుని పొద్దస్తమానం ఇంగ్లీషులో మాట్లాడే పెట్టె ఒకటి వస్తానంది.

టీవీ వచ్చిన పక్క ఊళ్ల సంగతి ఇగ్లూలిక్ వాళ్లకు తెలియకపోలేదు. సాయంత్రాలు ఒకరింటికి ఒకరు వెళ్లి కూర్చోవడం తగ్గిపోతుందని, పెద్దలు కథలు చెబుతుంటే వినే పిల్లలు ఉండరని, భాష జారిపోతుందని భయపడ్డారు. మా భాషలో ఏమీ లేని టీవీ మాకెందుకు అన్నది వాళ్ల ప్రశ్న. ఆ ప్రశ్నకు అప్పటికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఈ ఓట్లను చాలామంది వింతగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అవి ఎంతో ఆలోచించి తీసుకున్న నిర్ణయాలుగా కనిపిస్తాయి. టీవీ ప్రభావం గురించి పెద్ద పెద్ద యూనివర్సిటీల్లో చర్చలు జరుగుతున్న రోజుల్లో, వెయ్యిమంది కూడా లేని ఊరు కూర్చుని మాట్లాడుకుని చేతలతో తేల్చి చెప్పింది.

అంటే వాళ్లు కొత్త టెక్నాలజీకి వ్యతిరేకులా?

కానే కాదు. అప్పటికే తుపాకీ, మోటారు పడవ, స్నోమొబైల్, రేడియో వాళ్ల రోజువారీ జీవితంలో భాగం. వేటకు పనికొచ్చే వస్తువైతే వెంటనే అందుకున్నారు. అభ్యంతరం పెట్టె మీద కాదు, అందులో మాట్లాడేది ఎవరన్న దాని మీద. ఇందుకు సాక్ష్యం తర్వాతి ప్రశ్నలోనే ఉంది.

ఇనూక్షుక్ ప్రాజెక్టు అంటే ఏమిటి?

ఇనూయిట్ టీవీకి అసలు పునాది ఇదే. ఇనూయిట్ ప్రజల జాతీయ సంఘం, ఇనూయిట్ టపిరిసాట్ ఆఫ్ కెనడా, 1971లో ఏర్పడింది. ఉపగ్రహం ఎటూ ఉంది కదా, దాన్ని మేమూ వాడుకుంటాం అని ఆ సంఘం కేంద్ర ప్రభుత్వాన్ని అడిగింది. 1978 చివర్లో అనిక్ బి అనే కొత్త ఉపగ్రహం పైకి వెళ్లింది. దాని మీద ప్రయోగాలకు ప్రభుత్వం అవకాశం ఇచ్చింది.

ముందు రెండేళ్లు శిక్షణకే పెట్టారు. కెమెరా ఎన్నడూ ముట్టని కుర్రాళ్లకు, అమ్మాయిలకు షూటింగ్, ఎడిటింగ్, శబ్దం, స్టూడియో నడపడం నేర్పారు. 1980 శరత్తులో ప్రసారం మొదలైంది. ఆరు ఊళ్లు: ఇకాలుయిట్, పాండ్ ఇన్‌లెట్, ఇగ్లూలిక్, బేకర్ లేక్, ఆర్వియాట్, కేంబ్రిడ్జ్ బే. అవును, సీబీసీని వద్దన్న ఇగ్లూలిక్ కూడా అందులో ఉంది.

బొమ్మ, మాట రెండూ ఇకాలుయిట్ నుంచి ఉపగ్రహం మీదుగా మిగతా ఐదు ఊళ్లకు వెళ్లేవి. ఆ ఊళ్ల నుంచి బొమ్మ వెనక్కి వచ్చేది కాదు గానీ, మాట వచ్చేది. అంటే చూస్తున్నవాళ్లు అక్కడికక్కడే తిరిగి మాట్లాడొచ్చు. ఒక ఊరి వేటగాళ్లు ఇంకో ఊరి వేటగాళ్లతో మాట్లాడారు. ఏళ్ల తరబడి ఒకరినొకరు చూడని బంధువుల గొంతులు కలిశాయి. వారానికి పదహారు గంటలకు పైగా, దాదాపు ఎనిమిది నెలల పాటు ఇలా సాగింది.

మనకు టీవీ అంటే ఒకరు చెప్పడం, అందరూ వినడం. వీళ్లు మొదటి రోజు నుంచే దాన్ని మాట్లాడుకునే చోటుగా వాడారు. నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకున్నది ఇదే.

మరి ఇనూయిట్ల సొంత ప్రసార సంస్థ ఐబీసీ ఎలా పుట్టింది? డబ్బు ఎవరిచ్చారు?

ప్రయోగం ముగిసేసరికి, దీన్ని ఆపకూడదని అందరికీ అర్థమైంది. ఉత్తరాది ప్రజలకు సొంత ప్రసారాలు ఉండాలని కెనడా ప్రసార నియంత్రణ సంస్థ సీఆర్‌టీసీ నియమించిన కమిటీ 1980లోనే సిఫారసు చేసింది. 1981లో ఇనూయిట్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్‌కు, అంటే ఐబీసీకి లైసెన్సు వచ్చింది. 1982 జనవరిలో మొదటి కార్యక్రమాలు ప్రసారమయ్యాయి.

1983 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ఉత్తరాది మూలవాసుల ప్రసారాల కోసం ఒక పథకం ప్రకటించింది. నాలుగేళ్లకు 4 కోట్ల డాలర్లు, దేశం మొత్తంలో 13 సంస్థలకు. వాటిలో ఐబీసీ ఒకటి. ప్రకటనల ఆదాయం మీద బతకడం అక్కడ అసాధ్యం. అంత కొద్దిమంది చూసే చానల్‌కు సబ్బుల కంపెనీ ఎందుకు డబ్బిస్తుంది? కాబట్టి మొదటి నుంచీ ప్రభుత్వ నిధే ఆధారం. 1990 నుంచి కోతలు పడినప్పుడల్లా ఆ బలహీనత బయటపడుతూ వచ్చింది.

ఇగ్లూలిక్ చివరికి ఒప్పుకుందా?

1983లో ఒప్పుకుంది. అప్పటికి ఐబీసీ ఉంది, ఇనుక్టిటుట్‌లో కార్యక్రమాలు ఉన్నాయి, ఇగ్లూలిక్‌లోనే వాటిని తీసే బృందం తయారైంది. పైనుంచి ఎవరో నచ్చజెప్పినందుకు కాదు, అడిగినది దొరికినందుకు ఒప్పుకున్నారు.

టీవీని న్యూట్రాన్ బాంబుతో పోల్చింది ఎవరు?

రోజ్‌మేరీ కుప్టానా. 1980లలో ఐబీసీకి అధ్యక్షురాలు, తర్వాత ఇనూయిట్ జాతీయ సంఘానికీ నాయకత్వం వహించారు. న్యూట్రాన్ బాంబు మనుషులను చంపుతుంది గానీ భవనాలను నిలబెట్టి ఉంచుతుంది. తమ భాషలో ఏమీ లేకుండా దక్షిణాది నుంచి వచ్చిపడే టీవీ కూడా అలాంటిదే, జనం ఆత్మను చంపి పైపెంకు మాత్రం తిరుగాడేలా చేస్తుందని ఆమె అన్నారు. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో ఆ బాంబు పేరు రోజూ వార్తల్లో ఉండేది. అందుకే ఆ మాట అధికారుల చెవికి బలంగా తగిలింది.

ఐబీసీలో ఏం చూపించేవారు?

వార్తలు, చర్చలు, సంగీతం, వంట, కుట్టుపని, వేట, పిల్లల కార్యక్రమాలు. వినడానికి ఏ చానల్‌లోనైనా ఉండేవే. తేడా తీసే పద్ధతిలో ఉంది.

ఒక ముసలాయన మాట్లాడుతుంటే ఆయన్ని మధ్యలో ఆపరు. ఆలోచించుకోవడానికి ఆగితే కెమెరా కూడా ఆగి చూస్తుంది. మన టీవీల్లో అలాంటి మౌనాన్ని సెకనులో కత్తిరించేస్తారు. ఇనూయిట్ మర్యాదలో పెద్దవాళ్లను ప్రశ్నలతో నిలదీయడం తప్పు. కాబట్టి ఇంటర్వ్యూలు కూడా ఆ మర్యాదలోనే సాగేవి. సీల్ చర్మంతో బూటు కుట్టడం చూపిస్తే, నిజంగా చూసి నేర్చుకోగలిగినంత నిదానంగా చూపించేవారు. అలవాటు లేనివాళ్లకు మొదట విసుగనిపించవచ్చు. కాసేపు ఓపిక పడితే ఆ నిదానం ఎందుకో తెలుస్తుంది.

పిల్లలకు అందరికన్నా ఇష్టమైనది టకుగినాయ్. 1980ల రెండో సగంలో మొదలైంది. తోలుబొమ్మలాట కాదు గానీ, చేతికి తొడిగి ఆడించే బొమ్మలు ఉంటాయి. అవి ఇనుక్టిటుట్‌లో మాట్లాడుతూ, పాడుతూ, ఆ భాష లిపినీ అంకెలనూ నేర్పుతాయి. ఆ లిపిలో అక్షరం ఏ వైపుకు తిరిగి ఉందో దాన్ని బట్టి అచ్చు మారుతుంది. మనం గుణింతానికి తలకట్టు, గుడి, కొమ్ము పెట్టుకుంటే, వాళ్లు అక్షరాన్నే తిప్పి రాస్తారు. టీవీ తెర మీద కదిలే అక్షరాలతో నేర్పడానికి ఇంతకన్నా అనువైన లిపి ఉండదేమో!

బేకర్ లేక్ బృందం ఒక ఇనూయిట్ సూపర్ హీరోను కూడా సృష్టించింది. పేరు సూపర్ షామూ. తమలాగే కనిపిస్తూ, తమ భాషలో మాట్లాడుతూ ఎగిరే వీరుణ్ని ఆ పిల్లలు అప్పటిదాకా టీవీలో చూసి ఎరుగరు.

ఆ కార్యక్రమాలు అర్ధరాత్రి ఎందుకు వేసేవారు?

ఐబీసీకి సొంత ట్రాన్స్‌మిటర్లు లేవు. సీబీసీ ఉత్తరాది చానల్‌లోనే కొంత సమయం దొరికేది. అదీ ఎక్కువగా సీబీసీ తన కార్యక్రమాలన్నీ ముగించాక, రాత్రి పదకొండు దాటిన తర్వాత. హాకీ ఫైనల్స్ రోజుల్లో అదీ వాయిదా పడేది. ఒక తరం భాష నిలబెట్టాలని తీసిన కార్యక్రమం ఆ తరం పిల్లలు నిద్రపోయాక వచ్చేది. ఇది చదివినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

దాదాపు పదేళ్ల పోరాటం తర్వాత 1992 జనవరిలో టెలివిజన్ నార్తర్న్ కెనడా మొదలైంది. ఉత్తరాది మూలవాసుల సంస్థలన్నీ కలిసి నడిపిన ఉమ్మడి చానల్ అది. 90కి పైగా ఊళ్లకు చేరింది. అప్పుడుగానీ ఐబీసీకి మంచి సమయాలు దొరకలేదు.

అంత చలిలో షూటింగ్ ఎలా చేసేవారు?

మైనస్ 30, 40 డిగ్రీల్లో బ్యాటరీ శక్తి చాలా త్వరగా పడిపోతుంది. అందుకే బ్యాటరీలను కోటు లోపల ఒంటికి ఆనించి ఉంచుకోవాలి, మార్చి మార్చి వాడాలి. చలిలోంచి కెమెరాను నేరుగా వెచ్చటి గదిలోకి తెస్తే లెన్సు మీద, లోపలి భాగాల మీద చెమ్మ పట్టేస్తుంది. సంచిలో మూసి పెట్టి మెల్లగా వేడెక్కనివ్వాలి. వీడియో టేపుల కాలంలో ఇది మరీ కష్టం. చెమ్మ తగిలితే టేపు లోపల అతుక్కుపోతుంది.

ఇంకో సంగతి డిష్. భూస్థిర ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన ఉంటాయి. మన డాబాల మీద డిష్ ఆకాశంలోకి బాగా తలెత్తి ఉంటుంది. ఇగ్లూలిక్ నుంచి చూస్తే ఉపగ్రహం నేలకు పది డిగ్రీల అటూ ఇటూ ఎత్తులోనే ఉంటుంది. అందుకే అక్కడ డిష్ దాదాపు నిలువుగా, దిగంతాన్ని చూస్తున్నట్టుంటుంది. 81 డిగ్రీల అక్షాంశం దాటితే ఆ ఉపగ్రహాలు అసలు కనిపించవు.

జకారియస్ కునుక్ ఎవరు? ఐబీసీతో ఆయనకు సంబంధం ఏమిటి?

1957లో పుట్టి, చిన్నతనం వేట మకాముల్లో గడిపి, తొమ్మిదేళ్ల వయసులో బడి కోసం ఇగ్లూలిక్ వచ్చినవాడు. రాతి బొమ్మలు చెక్కేవాడు. 1981లో మూడు బొమ్మలు మాంట్రియల్ తీసుకెళ్లి అమ్మి, ఆ డబ్బుతో వీడియో కెమెరా, వీసీఆర్, టీవీ కొనుక్కుని వచ్చాడు. అప్పటికి ఆ ఊళ్లో టీవీ ప్రసారాలు మామూలుగా లేవన్నది గుర్తు చేసుకోండి.

తర్వాత ఐబీసీ ఇగ్లూలిక్ కేంద్రంలో చేరారు. ఇనూక్షుక్ శిక్షణలో తయారైన పాల్ అపాక్ అంగిలిర్క్ అక్కడ సహోద్యోగి. కానీ ఐబీసీ ముఖ్య నిర్ణయాలు ఒట్టావాలో జరిగేవి. ఊళ్లో తీసేవాళ్లకు స్వేచ్ఛ చాలదనిపించి 1990లో ఈ ఇద్దరూ, పౌలూసీ కులితాలిక్, నార్మన్ కోన్‌లతో కలిసి ఇసూమా అనే సొంత నిర్మాణ సంస్థ పెట్టారు. 2001లో వాళ్ల పూర్తి నిడివి ఇనుక్టిటుట్ సినిమాకు కాన్ ఉత్సవంలో తొలి చిత్రానికిచ్చే కెమెరా డోర్ అవార్డు వచ్చింది. స్క్రిప్టు రాసిన అపాక్ ఆ రోజు చూడలేదు, 1998లోనే చనిపోయారు.

ఐబీసీని వదిలిపోయినవాళ్లు గెలిచారు కాబట్టి ఐబీసీ ఓడిందని కొందరంటారు. నేను ఒప్పుకోను. చేయి తిరిగిన మనుషులను తయారు చేసింది ఆ శిక్షణే, ఆ స్టూడియోలే.

ఇప్పుడు పరిస్థితి ఏమిటి?

1999 ఏప్రిల్ 1న నునావుట్ ప్రత్యేక ప్రాంతంగా ఏర్పడింది. అదే ఏడాది సెప్టెంబరు 1న టెలివిజన్ నార్తర్న్ కెనడా స్థానంలో మూలవాసుల జాతీయ చానల్ ఏపీటీఎన్ వచ్చింది. కెనడా అంతటా కేబుల్ వాళ్లు దాన్ని తప్పనిసరిగా ఇవ్వాలి. ఇది పెద్ద విజయం. అయితే దేశమంతటి చానల్ అయ్యేసరికి అందులో ఇనుక్టిటుట్ వాటా చిన్నదైంది.

ఆ లోటు తీర్చడానికే 2021 జనవరిలో, ఇగ్లూలిక్ బృందం చొరవతో ఉవాగుట్ టీవీ వచ్చింది. రోజంతా ఇనూయిట్ భాషలో నడిచే మొదటి చానల్ అది. 2022లో ఇనూయిట్ టీవీ అనే ఇంకో చానల్ మొదలైంది. సీబీసీ కూడా ఇనుక్టిటుట్ వార్తలు ఇస్తోంది.

ఇంత చేసినా భాష నిలబడిందా?

పూర్తిగా కాదు. నునావుట్‌లో ఇనూయిట్ భాష ఇంకా వేలమందికి ఇంటి భాషే. చాలా మూలవాసుల భాషలతో పోలిస్తే ఆరోగ్యంగానే ఉంది. కానీ జనగణన జనగణనకూ ఇంట్లో మాట్లాడేవాళ్ల వాటా తగ్గుతోంది. పై తరగతుల చదువు ఇంగ్లీషులో, ఫోను ఇంగ్లీషులో, ఉద్యోగం ఇంగ్లీషులో. వారానికి కొన్ని గంటల టీవీ వీటన్నిటినీ ఒంటరిగా ఆపలేదు. ఆపుతుందని ఆశించడం కూడా న్యాయం కాదు. టీవీ చేయగలిగింది చేసింది: వేట మకాముల్లో పుట్టి పెరిగిన చివరి తరం పెద్దల మాటలు, పాటలు, ఊరి పేర్లు, దారుల గుర్తులు వేల గంటల టేపుల్లో మిగిలాయి. ఆ టేపులను డిజిటల్‌లోకి మార్చడం ఇప్పుడు అత్యవసరం. వీడియో టేపు ఎల్లకాలం ఉండదు.

మన తెలుగువాళ్లకు దీనితో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. 1974లో నాసా పంపిన ఏటీఎస్ 6 ఉపగ్రహం మొదటి ఏడాది అలాస్కా వంటి మారుమూల ప్రాంతాలకు ఆరోగ్యం, చదువు కార్యక్రమాలు ఇచ్చింది. తర్వాత దాన్ని తూర్పుకు జరిపి ఆఫ్రికా పైన నిలిపారు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా సైట్ అనే ఉపగ్రహ టీవీ బోధన ప్రయోగం కింద అదే ఉపగ్రహం మన దేశంలో ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ చూపించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. కార్యక్రమాల తయారీకి హైదరాబాద్‌లో ఒక కేంద్రం పెట్టారు. అంటే హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలవడానికి ముందే, మన పల్లెల్లో కొన్ని తెలుగు టీవీ చూశాయి.

రెండు ప్రయోగాల్లోనూ ఉపగ్రహమే ఆధారం, పల్లెలే గమ్యం. మన దగ్గర పల్లె చూసింది. ఇనూక్షుక్‌లో పల్లె చూసింది, తిరిగి మాట్లాడింది కూడా. గోండి, కోయ, సవర మాట్లాడే మన పిల్లలకు టీవీ గురించి ఆలోచించేటప్పుడు ఈ రెండో భాగం మర్చిపోకూడదని నా అభిప్రాయం.

ఆ కార్యక్రమాలు ఇక్కడి నుంచి చూడొచ్చా?

చాలావరకు చూడొచ్చు. ఇసూమా బృందం 2008లో పెట్టిన ఇసూమా టీవీ వెబ్‌సైటులో ఇగ్లూలిక్ వీడియోలు ఉన్నాయి. కొన్నిటికి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉంటాయి. ఉవాగుట్ టీవీ ఇంటర్నెట్‌లో కూడా వస్తుంది. మొదటిసారి చూసేవాళ్లు వేట వీడియోలతో మొదలుపెట్టండి, భాష రాకపోయినా జరిగేది అర్థమవుతుంది. జంతువును కోసే దృశ్యాలు దాపరికం లేకుండా ఉంటాయి కాబట్టి, చిన్న పిల్లలతో చూసేటప్పుడు ముందే చెప్పి కూర్చోబెట్టండి.